నిశ్శబ్ద కంప్యూటరు – నీటితో ఉష్ణ నియంత్రణము

దీపము వెలుగునిచ్చును. మోటారు చక్రమును త్రిప్పును. కంప్యూటరు లెక్కలు చేయును, అక్షరములను చూపును, మాటలను వినిపించును. అయినను శక్తి దృష్టితో పరిశీలించినచో కంప్యూటరునకును ఇస్త్రీ పెట్టెకును భేదము లేదు. అది గ్రహించిన విద్యుచ్ఛక్తి దాదాపు యావత్తు తుదకు వేడిగా మారి గదిలోని గాలిలో కలియును. 140 వాట్ల విద్యుత్తును తీసికొను ప్రాసెసరు 140 వాట్ల హీటరే. కావున కంప్యూటరును వేగముగా నడుపవలెనన్నను, చప్పుడు లేకుండ నడుపవలెనన్నను మనకెదురగు ప్రశ్న యొక్కటే: ఈ వేడిని ఏ త్రోవలో, ఎచ్చటికి పంపవలెను?

మేము ఈ ప్రశ్నను చేపట్టుటకు కారణము కలదు. మాలో ఒకరి ఇంట, దృష్టిలోపము గల విద్యార్థుల కొఱకు తెలుగు, ఉర్దూ పాఠములను బిగ్గరగా చదివి ధ్వనిముద్రణము చేయు పని రెండేండ్లుగా సాగుచున్నది. మైకునకు మూడడుగుల దూరములోనే కంప్యూటరు. దాని ఫ్యాను రొద ప్రతి వాక్యము వెనుకను వినవచ్చుచుండెను. ఆ రొదను సాఫ్ట్‌వేరుతో తొలగింపవచ్చును గదా యని కొందరు మిత్రులు సలహా చెప్పిరి. తొలగింపవచ్చును, కాని దానితోపాటు ఊపిరితో పలుకు ధ్వనులు కూడ కొంత అరిగిపోవును. తెలుగులో ఖ, ఛ, థ లును, ఉర్దూలో అడుగడుగునకు వచ్చు హకారమును ముందుగా దెబ్బతినును. కంటితో అక్షరమును చూడలేని విద్యార్థికి చెవిలో పడినదే అక్షరము. పలుకు అరిగినచో పదము మారును.

నిశ్శబ్దముతోపాటు వేగమును కావలసియుండెను. గంటలకొలది ధ్వనిని శుద్ధిచేసి, అధ్యాయములుగా విభజించి, వేర్వేరు రూపములలోనికి మార్చుటకు పాత యంత్రము రాత్రియంతయు తీసికొనుచుండెను. వేగమునకు వేడి తోడు. వేడికి ఫ్యాను తోడు. ఫ్యానుకు రొద తోడు. పైగా చేతిలోనున్న సొమ్ము పాఠముల కొఱకు పదిమంది ఇచ్చిన చందా. అందుచేత ప్రతి భాగమును కొనుటకు ముందు లెక్క వేసి చూచుట మాకు తప్పనిసరి యయ్యెను. ఆ లెక్కలనే ఇచ్చట విద్యార్థి మిత్రుల ముందును, కమిటీ పెద్దల ముందును ఉంచుచున్నాము.

మొదట వేగము సంగతి. ప్రాసెసరులోని కోట్లకొలది ట్రాన్సిస్టర్లు ఒక గడియారపు తాళమునకు అనుగుణముగా తెరచుకొనుచు, మూసికొనుచు ఉండును. ప్రతి మార్పునకు కొంత విద్యుదావేశము నిండి ఖాళీ యగును. ఇందు ఖర్చగు సామర్థ్యము గడియారపు పౌనఃపున్యమునకు అనులోమముగాను, వోల్టేజి వర్గమునకు అనులోమముగాను పెరుగును. వేగము మాత్రమే నూటికి పది పెంచిన వేడియు నూటికి పదియే పెరుగును. కాని ఎక్కువ వేగమున ట్రాన్సిస్టర్లు తడబడకుండుటకు వోల్టేజిని కూడ పెంచవలసి వచ్చును. రెండును పదేసి పాళ్ళు పెంచినచో 1.1ను మూడుమార్లు హెచ్చించవలెను, ఫలితము 1.331. అనగా నూటికి పదిపాళ్ళ వేగము కొఱకు నూటికి ముప్పది మూడు పాళ్ళ వేడిని భరింపవలెను. ఓవర్‌క్లాకింగు అనగా ఈ బేరమే.

ఒకప్పుడీ బేరము మిక్కిలి చౌక. 1998లో వచ్చిన ఇంటెల్ సెలెరాన్ 300ఏ ప్రాసెసరు 300 మెగాహెర్ట్జుల వేగమునకు అమ్ముడు పోయెను. మదరుబోర్డులోని బస్సు వేగమును 66 నుండి 100కు మార్చిన, పెక్కు ప్రాసెసర్లు 450 మెగాహెర్ట్జుల వద్ద నిశ్చింతగా నడిచెడివి. కాసు ఖర్చు లేకుండ ఒకటిన్నర రెట్ల వేగము! ఆ రోజుల ఉత్సాహవంతులు మోటారు కార్ల హీటరు కోర్లను, చేపల తొట్లకు వాడు పంపులను తెచ్చి ఇంటిలోనే నీటి శీతలీకరణము కట్టుకొనుట మొదలిడిరి. పెద్ద యంత్రములలో ఈ పద్ధతి అంతకుమునుపే కలదు. 1980లో ఐ.బి.ఎం. 3081 యంత్రములో చిప్పుల వేడిని నీరు మోసికొని పోయెడిది. 1985 నాటి క్రే-2 లోనైతే సర్క్యూట్లనే విద్యుత్తును ప్రసరింపనీయని ఫ్లోరినర్టు అను ద్రవములో ముంచి యుంచిరి.

నేడు ఆ చౌక బేరము లేదు. ట్రాన్సిస్టరును చిన్నది చేసినకొలది దాని వోల్టేజిని, కరెంటును కూడ తగ్గించుకొనవచ్చుననియు, అందుచే చదరపు మిల్లీమీటరునకు పుట్టు వేడి పెరుగదనియు 1974లో రాబర్ట్ డెన్నార్డు, ఆయన సహచరులు చూపిరి. ఆ సూత్రము మూడు దశాబ్దములు పరిశ్రమను నడిపెను. 2005 ప్రాంతమున అది ఆగిపోయెను; మూసియున్న ట్రాన్సిస్టరు నుండియే కరెంటు కారుట ఎక్కువై, వోల్టేజిని ఇంకను తగ్గించుట సాధ్యము కాలేదు. నాటినుండి ట్రాన్సిస్టర్లు చిన్నవగుచున్నవి గాని, వేడి అంతకంతకు చిన్న స్థలములో పోగగుచున్నది. పైగా నేటి ప్రాసెసర్లు కర్మాగారమునుండియే తమ వేగమును తాము పెంచుకొను ఏర్పాటుతో వచ్చుచున్నవి. తయారీదారుడు మిగిల్చిన ఎడము స్వల్పము. దానికొఱకు వేలు వెచ్చించుట మంచి బేరము కాదని మా అభిప్రాయము. నీటి శీతలీకరణమునకు మేము ఒప్పుకొన్నది ప్రధానముగా నిశ్శబ్దము కొఱకు. వేగము దాని వెంట వచ్చినంత రానిచ్చితిమి.

మేము ఎన్నుకొన్నది ఎ.ఎం.డి. రైజెన్ 7 7700ఎక్స్. 2022లో వచ్చిన ఈ ప్రాసెసరులో 8 కోర్లు కలవు. పెట్టెమీద 105 వాట్లని ఉండును గాని, నిండు పనిలో 142 వాట్ల వరకు తీసికొనుటకు దానికి అనుమతి కలదు. ఉష్ణోగ్రత 95 డిగ్రీలు చేరువరకు తగ్గదు. చేరిన పిమ్మట తన వేగమును తానే తగ్గించుకొనును. ఇందలి లెక్కలు చేయు చిప్పు వైశాల్యము సుమారు 70 చదరపు మిల్లీమీటర్లు, అనగా బొటనవ్రేలి గోరుకంటె చిన్నది. 100 వాట్లకు మించిన వేడి ఆ గోరంత స్థలమునుండి పైకి రావలెను. వేయి వాట్ల ఇస్త్రీపెట్టె అడుగుభాగమును సుమారు 200 చదరపు సెంటీమీటర్లుగా తీసికొని పోల్చి చూడుడు. ఒక్కొక్క చదరపు మిల్లీమీటరునకు లెక్కించిన, ఈ చిప్పునుండి వెలువడు వేడి ఇస్త్రీపెట్టెకంటె ఇరువది రెట్లకు పైగా ఉండును.

ఇప్పుడు నీటి సంగతి. ఇచ్చట ఒక అపోహను తొలగింపవలసియున్నది. నీరనగానే మనకు వేసవిలో మట్టికూజా గుర్తుకు వచ్చును. వట్టివేళ్ళ తడికెలు కట్టిన కూలరు గుర్తుకు వచ్చును. కూజాలోని నీరు బయటి గాలికంటె చల్లగా ఉండును. కూలరునుండి వచ్చు గాలి గది గాలికంటె చల్లగా ఉండును. ఆ రెండింటిలోను నీరు ఆవిరి యగుచున్నది. ఆవిరి యగుటకు కావలసిన గుప్తోష్ణమును మిగిలిన నీటినుండియో, గాలినుండియో లాగికొనుచున్నది. కంప్యూటరులోని నీరు అట్లు కాదు. అది మూసివేసిన గొట్టములలో తిరుగును, ఆవిరి కాదు. అందుచేత అది గది గాలికంటె ఒక్క డిగ్రీ కూడ చల్లబడజాలదు. గదిలో 38 డిగ్రీలున్న నీరు 38కి పైననే. నీరు వేడిని చంపదు, మోసికొని పోవును. చిన్న చోటనున్న వేడిని పెద్ద చోటికి చేర్చుటయే దాని పని. ఆ పెద్ద చోటు రేడియేటరు. తుదకు వేడి పోవునది గాలిలోనికే.

అయినచో గాలిచేతనే చిప్పును చల్లార్చరాదా? మోయు శక్తిలో రెంటికిని పోలిక లేదు. ఒక లీటరు నీటిని ఒక డిగ్రీ వేడిచేయుటకు సుమారు 4186 జౌళ్ళు కావలెను. ఒక లీటరు గాలికి సుమారు 1.2 జౌళ్ళు చాలును. ఘనపరిమాణము సమానమైనచో నీరు గాలికంటె దాదాపు మూడువేల అయిదువందల రెట్లు వేడిని మోయును. పంపు నిమిషమునకు 2 లీటర్ల నీటిని త్రిప్పుచున్నదనుకొందము. 140 వాట్ల వేడిని గ్రహించి ఆ నీరు వేడెక్కునది ఒక్క డిగ్రీ మాత్రమే. ఈ లెక్కనుండి మరియొక సంగతి తేలుచున్నది. గొట్టములలోని నీరంతయు ఇంచుమించు ఒకే ఉష్ణోగ్రతలో ఉండును. రేడియేటరు ముందా, ప్రాసెసరు ముందా యను వాదము కొత్తవారిలో తరచుగా వినవచ్చును గాని, ఆ క్రమమువలన వచ్చు భేదము ఆ ఒక్క డిగ్రీకి లోబడియే ఉండును. గొట్టములు ఎట్లు పొట్టిగా, మెలికలు లేకుండ అమరునో అట్లు అమర్చుకొనుటయే మేలు.

నిశ్శబ్దము ఎచ్చటినుండి వచ్చునో చూతము. ఫ్యాను వేగమును సగము చేసిన, అది తోయు గాలియు సగమగును. కాని చప్పుడు సగము కాదు. సుమారు 15 డెసిబెళ్ళు పడిపోవును. అదే విధముగా, సమానమైన మూడు ఫ్యానులను ఒకచో పెట్టిన గాలి మూడు రెట్లగును. చప్పుడు పెరుగునది 5 డెసిబెళ్ళ లోపే. ఈ రెండింటిని కలుపుడు. ఒక్క ఫ్యానును పూర్తి వేగముతో త్రిప్పుటకు బదులు మూడు ఫ్యానులను సగము వేగముతో త్రిప్పినచో గాలి ఒకటిన్నర రెట్లు వచ్చును. చప్పుడు మాత్రము 10 డెసిబెళ్ళు తగ్గును. పది డెసిబెళ్ళ తగ్గుదల మనిషి చెవికి సగము చప్పుడుగా తోచును. కిటుకంతయు ఇచ్చటనే కలదు. మూడు పెద్ద ఫ్యానులను గోరంత చిప్పు మీద నిలుపలేము. 360 మిల్లీమీటర్ల రేడియేటరు మీద నిలుపగలము. నీరు మనకు కొనిపెట్టునది ఆ వైశాల్యమునే.

రెండవ లాభము ఇంకను సూక్ష్మమైనది. మామూలు కంప్యూటరులో ఫ్యాను చిప్పు ఉష్ణోగ్రతను చూచి నడచును. చిప్పు ఉష్ణోగ్రతయో, ఒక పెద్ద ఫైలు తెరవగానే క్షణములో ముప్పది డిగ్రీలు ఎగిరి, మరుక్షణములో దిగును. దానితోపాటు ఫ్యాను ఒకసారి గర్జించి, ఒకసారి అణగును. చెవికి స్థిరమైన రొదకంటె ఈ హెచ్చుతగ్గులు ఎక్కువ బాధాకరములు. ధ్వనిముద్రణమునకు మరియు హానికరములు. గొట్టములలో సుమారు ఒక లీటరు నీరున్నదనుకొన్న, 140 వాట్లు పూర్తిగా అందులో పడినను అది ఒక డిగ్రీ పెరుగుటకు అర నిమిషము పట్టును. కావున నీటి దారిలో ఒక థర్మిస్టరును బిగించి, ఫ్యానులు చిప్పును గాక నీటి ఉష్ణోగ్రతను చూచి నడచునట్లు ఏర్పరచితిమి. చిన్న చిన్న పనుల వేడిని నీరే మ్రింగివేయును. ఫ్యానులకు ఆ వార్తయే తెలియదు. ఈ యొక్క ఏర్పాటు చేయనిచో ఖరీదైన నీటి శీతలీకరణము కూడ గర్జించుచునే యుండును.

ఇచ్చట సత్యమును దాచరాదు. 142 వాట్ల ప్రాసెసరునకు పెద్ద ఫ్యాను, దట్టమైన రేకులు, రాగి హీటు పైపులు గల మంచి ఎయిరు కూలరు చాలును. అందులో కారుటకు నీరు లేదు, చెడిపోవుటకు పంపు లేదు. ఖరీదులో చాల తక్కువ. విడిభాగములతో కట్టు నీటి వలయమునకు ప్రాసెసరు ఖరీదుకంటె ఎక్కువ వ్యయ మగుట సాధారణము. సాధారణ పఠనాలయమునకు గాని, ఆఫీసునకు గాని కంప్యూటరు కావలసిన కమిటీ వారికి మేము ఎయిరు కూలరునే సిఫారసు చేయుదుము. మైకు ప్రక్కన గంటలకొలది నిండు పనిలో నడువవలసిన యంత్రము వేరు. కర్మాగారములోనే నీరు నింపి మూసిన సిద్ధవలయములు కూడ దొరకును, అమర్చుట సులభము. అయితే వాటిలో పెక్కింటి పంపు ప్రాసెసరు మీదనే ఉండుటచే, దాని సన్నని కూతను రబ్బరుపై వ్రేలాడదీసి అణచుటకు వీలులేదు. మేము విడిభాగములవైపు మొగ్గుటకు అదియే కారణము.

భాగములలో కొన్ని సికిందరాబాదు పార్కులేనులోని చెనాయ్ ట్రేడు సెంటరులో దొరకినవి. కొన్నింటిని తపాలాలో తెప్పింపవలసి వచ్చెను. వాటర్ బ్లాకు, పంపు, నీటితొట్టి, రేడియేటరు, గొట్టములు, పావు అంగుళపు మరలు గల ఫిట్టింగులు – ఇంతియే సామగ్రి. కొనునపుడు రంగుదీపముల మీదనే అందరి దృష్టి పోవును. చూడవలసినది లోహమును. వాటర్ బ్లాకు రాగిది. అట్టిచో రేడియేటరు కూడ రాగి లేక ఇత్తడిదై యుండవలెను. అల్యూమినియము పనికిరాదు. రసాయనశాస్త్ర విద్యార్థులకు ఇది వేరుగ చెప్పనక్కరలేదు. రాగి ప్రమాణ ఎలక్ట్రోడు పొటెన్షియలు +0.34 వోల్టులు, అల్యూమినియమునకు –1.66. రెండింటి నడుమ 2 వోల్టుల భేదము. ఒకే నీటిలో రెండును ఉన్నచో మనము శీతలయంత్రమును గాక గాల్వనిక్ ఘటమును కట్టినట్లగును. అల్యూమినియము తినివేయబడును, ఆ పొడి బ్లాకులోని సన్నని సందులలో అడ్డుపడును. చౌక రేడియేటర్లలో లోహమేదో వ్రాయబడియుండదు. వ్రాయనిదానిని కొనరాదు.

నల్లా నీరు, బోరు నీరు వాడరాదు. అందలి లవణములు వెండ్రుకవంటి సందులలో పొలుసు కట్టును. స్వేదనజలము తీసికొని, దానికి లోహమును కాపాడు ద్రవమును, నాచు పెరుగకుండ జంతునాశక ద్రవమును తయారీదారు చెప్పిన పాళ్ళలో కలుపవలెను. స్వేదనజలము విద్యుత్తును ప్రసరింపనీయదు గనుక కారినను భయము లేదని చెప్పువారు కలరు. సీసాలో నున్నంతవరకే ఆ మాట నిజము. లోహముల మీదుగా కొన్నాళ్ళు తిరిగిన పిమ్మట అందులో అయానులు చేరును. మదరుబోర్డు మీది దుమ్ము కూడ దానిలో కరగును. కారిన నీరు ఎప్పటికిని శత్రువే.

కూర్పు గురించి విపులముగా చెప్పవలసినది తక్కువ. ఈ ప్రాసెసరు అడుగున సూదులు లేవు. 1718 స్పర్శబిందువులకు ఎదురుగా సన్నని సూదులు మదరుబోర్డు సాకెట్టులోనే కలవు. వాటిమీద వ్రేలు గాని, మరచుట్టు గాని పడనీయరాదు. ప్రాసెసరు మూతమీద థర్మలు పేస్టు కొద్దిగా పెట్టి, బ్లాకును నాలుగు మూలల మరలను కొంచెము కొంచెముగా, మార్చి మార్చి బిగింపవలెను. కొత్త రేడియేటరు లోపల టంకపు మడ్డి ఉండును. వేడినీటితో పలుమార్లు కడిగి, చివర స్వేదనజలముతో తొలిచితిమి. ఫిట్టింగులలోని రబ్బరు వలయమే నీటిని ఆపునది. చేతితో బిగించిన చాలును, పట్టకారుతో బలమును చూపిన రబ్బరు నలిగి కారుట మొదలిడును. పంపునకు పైన నీటితొట్టి ఉండవలెను. పంపు బేరింగులకు నీరే కందెన. నీరు లేక క్షణకాలము తిరిగినను దానికి హాని.

ఇక నీరు నింపి పరీక్షించుట. ఈ పనిలో తొందర పనికిరాదు. మదరుబోర్డునకు, ప్రాసెసరునకు విద్యుత్తు అందకుండ, పంపు ఒక్కటే నడచునట్లు చేయవలెను. పవరు సప్లైలోని 24 పిన్నుల కనెక్టరునకు తగిలించు చిన్న జంపరు అంగళ్ళలో దొరకును. అది సప్లైను మదరుబోర్డు లేకుండగనే మేల్కొల్పును. తొట్టి నింపి, పంపును రెండు క్షణములు నడిపి, ఆపి, మరల నింపి – ఇట్లు పదిమార్లు చేసిన గాని గొట్టములు నిండవు. పిమ్మట పెట్టెను అటునిటు మెల్లగా వంచిన రేడియేటరులో చిక్కిన గాలిబుడగలు గలగలమని తొట్టిలోనికి వచ్చును. ఆ గలగల పూర్తిగా ఆగువరకు నిశ్శబ్దము అసాధ్యము. ప్రతి అతుకు క్రిందను తెల్లని పలుచని కాగితమును పరచితిమి. ఒక్క చుక్క పడినను కాగితము ముడుచుకొని చూపును. 24 గంటలు పంపును అట్లే నడుపుట ఈ విద్యలో ఆచారము. మేము రెండు రాత్రులు నడిపితిమి. చందా సొమ్ముతో కొన్న వస్తువులకు ఆ యొక రాత్రి ఎక్కువ కాదనిపించెను. కాగితములు పొడిగా ఉన్న పిమ్మటనే తీగలన్నియు కలిపితిమి. ఎర్తింగు సరిగానున్న మూడు పిన్నుల సాకెట్టు తప్పనిసరి యని వేరుగ చెప్పవలెనా!

మొదటిమారు మీట నొక్కినపుడు తెర కొన్ని నిమిషములు నల్లగా ఉండవచ్చును. డి.డి.ఆర్. 5 మెమరీని ఈ మదరుబోర్డు తనంతట తాను పరీక్షించి సరిచూచుకొను సమయమది. తెలియనివారు చెడిపోయెనని మీట ఆర్పి, మరల వేసి, ఆ పరీక్షను మొదటినుండి చేయింతురు. ఊరకుండుట మేలు.

వేగము పెంచుటకు మేము అనుసరించిన మార్గము విడ్డూరముగా తోచవచ్చును: వోల్టేజిని తగ్గించితిమి. ప్రతి ప్రాసెసరునకు కర్మాగారము కొంత ఎక్కువ వోల్టేజిని భద్రత కొఱకు కేటాయించును. ఈ ప్రాసెసరులో ఆ కేటాయింపును కోరు కోరుకు విడిగా తగ్గించు సౌకర్యము బయాసులోనే కలదు. వోల్టేజి తగ్గిన వేడి దాని వర్గముచొప్పున తగ్గును. వేడి తగ్గిన ప్రాసెసరు తన వేగమును తానే పెంచుకొనును. నీటి శీతలీకరణము చూచి ధైర్యము తెచ్చుకొని వోల్టేజిని పెంచువారు 2024 నాటి సంగతిని గుర్తుంచుకొనుట మంచిది. ఆ ఏడు ఇంటెల్ సంస్థ తన 13, 14 తరముల డెస్కుటాపు ప్రాసెసర్లు కొన్ని అధిక వోల్టేజివలన క్రమముగా క్షీణించుచున్నవని అంగీకరించి, వారంటీని రెండేండ్లు పొడిగించెను. ఎంత చల్లని నీరును వోల్టేజి చేయు హానిని పూర్తిగా ఆపజాలదు. నిర్ణీత పరిమితులు దాటి నడుపుటచే కలుగు నష్టమునకు వారంటీ వర్తింపదని ఎ.ఎం.డి. వారి నిబంధనలలోను కలదు.

వోల్టేజిని తగ్గించుటలోను ప్రమాదము లేకపోలేదు. మితిమీరి తగ్గించిన యంత్రము ఆగిపోవును, ఆగిపోయిన అదృష్టమే. ఆగకుండ తప్పు సమాధానము చెప్పుట అసలు ప్రమాదము. వేయి పుటల పాఠములో ఒకచోట శబ్దము చెడి, ఫైలు మాత్రము చూచుటకు బాగుగనే యుండవచ్చును. అందుచేత ఒక్కొక్క మెట్టు దిగి, ప్రతి మెట్టు వద్దను ప్రైమ్ 95 అను ప్రోగ్రామును గంటలకొలది నడిపితిమి. 1996లో మొదలైన మెర్సెన్ ప్రధానసంఖ్యల అన్వేషణ కొఱకు వ్రాయబడిన ప్రోగ్రామది. తన లెక్కను తానే సరిచూచుకొనును. ఒక్క అంకె తప్పినను చెప్పివేయును. గణితశాస్త్రజ్ఞుల వేట మనకు తూకపురాయిగా ఉపయోగపడుచున్నది. ఒక మెట్టు వద్ద ఒక కోరు తప్పు చూపగానే, అన్ని కోర్లను దానికి రెండు మెట్ల పైన నిలిపితిమి.

మా గదిలో కనబడిన అంకెలివి. నిండు పనిలో, ఫ్యానులు సగము వేగమునకు లోబడి తిరుగుచుండగా, నీరు గది గాలికంటె సుమారు 7 డిగ్రీలు ఎక్కువ. చిప్పు నీటికంటె దాదాపు 50 డిగ్రీలు ఎక్కువ. ఈ రెండవ అంకెను గమనింపుడు. వేడికి అసలైన ఇరుకు త్రోవ నీటిలో గాని, రేడియేటరులో గాని లేదు. గోరంత చిప్పునుండి దాని లోహపు మూతను దాటి రాగి చేరుటలోనే కలదు. రేడియేటరును రెట్టింపు చేసినను తగ్గునది ఆ 7 లోని భాగమే, 50 లోనిది కాదు. పెద్ద రేడియేటరు కొన్న పెద్ద వేగము వచ్చునని ఆశించువారికి నిరాశ కలుగుట ఇందుచేతనే.

ఇక మన వేసవి. డిసెంబరులో గది 22 డిగ్రీలున్నపుడు నీరు 29, చిప్పు 79. పరిమితికి ఇంకను 16 డిగ్రీల ఎడము కలదు. ఆ దినములలో పరిమితిని 142 నుండి 170 వాట్లకు పెంచి చూచితిమి. మా పనులలో కలిగిన లాభము నూటికి రెండు మూడు పాళ్ళు. ఇరువది ఎనిమిది వాట్ల వేడికి ఆ లాభము చాలదని తిరిగి దించితిమి. మే మాసములో మధ్యాహ్నము తలుపులు మూసిన గదిలో 38 డిగ్రీలు. ధ్వనిముద్రణము వేళ పైకప్పు ఫ్యాను కూడ తిప్పరాదు. అపుడు నీరు 45, చిప్పు 95. అనగా సరిగ్గా హద్దు మీద. రేడియేటరును వరండాలో నుంచిన వేడియు, చప్పుడును గదిని విడిచిపోవును గదా యని ఒకరు సూచించిరి. మంచి ఆలోచనయే గాని, మే నెలలో మా వరండా గదికంటె వేడి.

పరిష్కారము బయాసులోనే దొరకెను. ఈ ప్రాసెసరును 65 వాట్ల తరగతికి దించు ఎకో పద్ధతి కలదు; అపుడు అది తీసికొనునది గరిష్ఠముగా 88 వాట్లు. వేడి దామాషా ప్రకారము తగ్గి, అదే గదిలో నీరు 42, చిప్పు 73 డిగ్రీల వద్ద నిలిచెను. పని వేగము తగ్గినది పదవ వంతునకు లోపే. వోల్టేజి వర్గపు సూత్రమే ఇచ్చట మనకు అనుకూలముగా పనిచేయుచున్నది: చివరి పదిపాళ్ళ వేగమే ఎక్కువ వేడిని తినునది, దానిని విడిచిన ఎక్కువ వేడి తప్పును. కావున మా యంత్రమునకు రెండు అమరికలు. దసరా నుండి ఫాల్గుణము వరకు ఒకటి. చైత్రము నుండి వానలు కుదుటపడువరకు ఒకటి. ఎకో పద్ధతిలో ఫ్యానుల చప్పుడు మైకులో బొత్తిగా దొరకలేదు. దొరకినది గోడగడియారపు టిక్కుటిక్కు. దానిని మరియొక గదిలోనికి మార్చితిమి.

మిగిలినది సంరక్షణము. రేడియేటరు రేకుల మధ్య దుమ్ము నెలకొకమారు మెత్తని కుంచెతో తీయవలెను. మన ఊళ్ళ దుమ్మునకు నెల ఎక్కువే. నీటిమట్టము గొట్టముల గోడలగుండ స్వల్పముగా తగ్గుచుండును. తొట్టిమీద గీత గీసికొని చూచుకొనవలెను. ఏడాదికొకమారు నీటినంతయు తీసివేసి కొత్తది పోయవలెను. తీసిన పాత నీటిని తెల్లని గాజుసీసాలో పోసి వెలుతురునకు ఎదురుగా పట్టి చూడుడు. తేటగా ఉన్న సరి. ఆకుపచ్చని జిగురు తేలియాడుచున్న నాచు పట్టినదని అర్థము. నీలిపచ్చ ఛాయ కనబడిన రాగి కరగుచున్నది, రక్షకద్రవము పాలు తక్కువైనది. బూడిదరంగు పొడి అడుగున చేరినచో వలయములో ఎచ్చటనో అల్యూమినియము కలదు. క్రొత్త నీరు పోయుటకు ముందు ఆ భాగమును వెదకి తీయవలెను.